రెండువందల వోల్టుల రోజు

పదకొండో హీటరు ఎర్రబడింది. ఆయన ముందుకు వంగి వోల్టు మీటరు చూశాడు. తల తిప్పి కిటికీలోంచి బయటికి చూశాడు. మళ్ళీ మీటరు చూశాడు. మూడోసారి కూడా చూశాక గానీ రాసుకోలేదు: రెండువందల ఇరవై ఎనిమిది వోల్టులు, ఎనిమిది పాయింట్ ఆరు ఆంపియర్లు. భాగిస్తే నిరోధం ఇరవై ఆరున్నర ఓములు. గుణిస్తే పవరు పందొమ్మిది వందల అరవై వాట్లు. రెండు వేల వాట్ల హీటరుకు ఆ మాత్రం తేడా ఉండొచ్చు. పాస్.

లెక్కలన్నీ నోటితోనే. కాలిక్యులేటరు ఉంది గానీ, అది కాగితాలు ఎగిరిపోకుండా బరువుకి. సన్నటి మనిషి. కుడిచేతి బొటనవేలు మీద పాత కాలిన మచ్చలు. హీటర్ల ఫ్యాక్టరీలో ఆయన్ని అందరూ ‘మూడుసార్లాయన’ అంటారు.

“మాటిమాటికీ ఆ ముల్లు వంక చూస్తారేమిటి, అదేమన్నా పారిపోతుందా?” అని సూపర్‌వైజరు రోజుకొకసారైనా ఆటపట్టిస్తాడు. ఈయన నవ్వి ఊరుకుంటాడు. ఒకసారి పారిపోయిందని చెప్పడానికి నోరు రావాలి కదా.

భోజనాల వేళకి మేనకోడలు వచ్చింది. చేతిలో గోనెసంచి. ఇరవై ఏడేళ్ళ పిల్ల, మూడు నెలల బిడ్డ తల్లి. ఇంతకుముందెప్పుడూ ఇక్కడికి రాలేదు. సంచి బల్ల మీద పెట్టి విప్పింది. నల్లగా కమిలిపోయిన హీటరు, దాని వీపున ఇంకా అంటుకుని ఉన్న రేకు ముక్క, దాని మీద ఆయన చేతిరాత: 2000.

ఆయన ఆ అంకె మీది మసిని వేలితో తుడిచాడు.

“అటక సర్దుతుంటే దొరికింది మావయ్యా. నాన్న దాచాడట. అమ్మ నా గుడ్డలు దీని మీద ఆరేసి మర్చిపోయిందనీ, అందుకే గది అంటుకుందనీ కదా అంటాడు. నాకూ ఆ మతిమరుపే వచ్చిందనిపిస్తోంది. బిడ్డని ఇంట్లో పెట్టుకుని పొయ్యి వెలిగించాలంటే భయమేస్తోంది. మీరు ఒక్కసారి చూసి చెప్పండి. అమ్మ తప్పేనా?”

చెల్లెలికి పురుడు వచ్చిన ఏడాది చలి ఎముకలు కొరికేసింది. పసిదానికి చలెయ్యకూడదని ఆయనే ఒక హీటరు బిగించి, సాయంత్రం ఇంటికెళ్ళే తొందరలో తనే పరీక్ష చేశాడు. అమ్మీటరు ఒక్కటే చూశాడు. ఎనిమిది పాయింట్ ఏడు. వోల్టేజి ఎప్పుడూ ఉండే రెండువందల ముప్ఫయ్యే కదా అనుకుని గుణించేశాడు. రెండు వేలు సరిగ్గా వచ్చింది, సంతోషపడ్డాడు. మూడో రాత్రి గది అంటుకుని చెల్లెలు పోయింది. పసిది అమ్మమ్మ గదిలో పడుకుంది కాబట్టి మిగిలింది. వారం తర్వాత ఆయన ఫ్యాక్టరీ రిజిస్టరు తిరగేస్తే, ఆ సాయంత్రం వోల్టేజి పడిపోయిందని వేరే చేతిరాతలో ఉంది. రెండువందల వోల్టులే.

ఆ రాత్రి నుంచి ఈ రోజు దాకా ఏ గది వెచ్చగా ఉన్నా ఆయనకి భయమే.

ఆయన కాయిల్ విప్పి ఇటుకల మీద పరిచాడు. తీగ తెగలేదు. స్విచ్చి వేశాడు. ఇరవై ఏడేళ్ళ తర్వాత అది మెల్లగా ఎర్రబడుతుంటే, ఆ వేడికి చెల్లెలే వచ్చి పక్కన నిలబడ్డట్టనిపించింది. వోల్టు మీటరు మూడుసార్లు చూశాడు. రెండువందల ముప్ఫై. అమ్మీటరు చూడకుండానే తెలుసు. పది.

“రెండు వేలని రాసుంది కదా. సరిపోయిందా?” అంది పిల్ల. మీటర్లు చదవడం ఆమెకి రాదు.

సరిపోయిందంటే సరిపోతుంది. ఇంటికెళ్ళిపోతుంది. పండగొచ్చినా పబ్బమొచ్చినా మావయ్యా అంటూనే ఉంటుంది.

“లేదు తల్లీ,” అన్నాడు. “ఇరవై మూడు ఓములే. ఇరవై ఆరున్నర ఉండాలి. నిరోధం తగ్గితే కరెంటు ఎక్కువ లాగుతుంది. ఇది రెండువేల మూడువందల వాట్లు. నేను ప్లగ్గుకి వేసిన తీగ అంత మోయలేదు. చూడు, ప్లగ్గు దగ్గర ఎలా కరిగి ముద్దయిందో. మంట అక్కడ పుట్టింది. గుడ్డలు కాదు, మీ అమ్మా కాదు. ఆ రోజు నేను వోల్టేజి చూడలేదు.”

“మీకు ఎప్పటి నుంచి తెలుసు?”

“నువ్వు పుట్టిన మూడో నెల నుంచి.”

ఆమె ఏడవలేదు. చేతిసంచిలో రుమాలు వెతుక్కుంది, దొరకలేదు, సంచిలోవన్నీ బల్ల మీద కుమ్మరించి మళ్ళీ సర్దుకుంది. రేకు ముక్కని గోటితో ఊడదీసి కొంగున ముడేసుకుంది.

“నాన్న అమ్మ ఫోటోని కూడా గోడకి పెట్టనివ్వలేదు మావయ్యా. ఇవ్వాళ పెట్టిస్తాను.” గుమ్మం దగ్గర ఆగింది. “మీరు మాత్రం కొన్నాళ్ళు మా ఇంటికి రాకండి.”

“అలాగేనమ్మా,” అన్నాడు.

ఆమె వెళ్ళిపోయాక స్విచ్చి కట్టేశాడు. కాయిల్ నల్లబడేదాకా నిలబడే ఉన్నాడు. తర్వాత బల్ల తుడవబోతే చేతికి మడిచిన కాగితం తగిలింది. విప్పాడు. గ్యాసు, ఇస్త్రీపెట్టె, గీజరు, వీధితలుపు అని మేనకోడలి గుండ్రటి అక్షరాలు, ఒక్కో మాట పక్కన టిక్కు మీద టిక్కు, దాని మీద టిక్కు, కాగితం చిల్లులు పడేదాకా.