పెళ్ళికూతురి కారు ముందు

మా అక్క కూతురు రీమా పెళ్ళి ఊరేగింపులో మోటారుబండి నడపడానికి నా అనుమతి అడగాలని జుబీర్ ఆ ఉదయం మా ఇంటికి వచ్చాడు. పద్నాలుగు నెలల క్రితం ఇలాంటి ఊరేగింపులోనే, మా ఊరు అన్నాబాలో సముద్రపు రోడ్డు మీద, బండి ముందు చక్రం గాలిలోకి లేపి నా కొడుకు నదీర్ పడిపోయాడు. ఇంక లేవలేదు. పక్క బండి మీద ఉన్నది వాడి స్నేహితుడు జుబీర్. వెనక కారులో ఉన్నది నేను.

చక్రం లేచినప్పుడల్లా కార్లలోని ఆడవాళ్ళం నాలుక ఆడిస్తూ పెళ్ళికేక వేస్తాం. ఆ రోజు నేనూ వేశాను. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు.

"మీరు వద్దంటే తాళం మీ చేతిలో పెట్టి పోతాను పిన్నీ," అన్నాడు జుబీర్, గుమ్మంలోనే నిలబడి.

వద్దనాలనే ఉంది. బళ్ళు లేని పెళ్ళి చావుకి పోతున్నట్టు ఉంటుందని అక్క అప్పటికే రెండుసార్లు అంది. "నడుపు. చక్రం మాత్రం లేపకు," అన్నాను.

"ఒట్టు. హెల్మెట్ కూడా పెట్టుకుంటాను."

"ఆ రోజు ఎందుకు పెట్టుకోలేదు మీరిద్దరూ?"

అతను తన బూట్ల వైపు చూశాడు. "పెట్టుకుంటే, లేపింది ఎవడో జనానికి తెలీదు కదా."

"భయం వెయ్యదా?"

"వేస్తుంది. కానీ చక్రం నేల మీదే ఉంచి నడిపితే, 'వీడికి పాలసీసా ఇవ్వండ్రా' అంటారు. దానికి ఇంకా భయం. నిజం చెప్పమంటారా? వాడు పోయాక మూడు నెలలు బండి ముట్టలేదు. తర్వాత ఒకసారి లేపాను. ఏమీ కాలేదు. ఇంకోసారి లేపాను. ఏమీ కాలేదు. ఇప్పుడేమనిపిస్తుందంటే... వాడు క్లచ్ తొందరపడి వదిలాడు, నేనైతే వదలను అని."

ఇరవై ఆరేళ్ళుగా పిల్లలకు లెక్కలు చెబుతున్నాను. తప్పు పద్ధతిలో చేసినా నాలుగుసార్లు సరైన జవాబు వచ్చిన పిల్లవాణ్ణి మార్చడం ఎంత కష్టమో నాకు తెలుసు. కాఫీ ఇచ్చాను. తాగి వెళ్ళాడు.

మధ్యాహ్నం నమాజు అయ్యాక, రీమాను వాళ్ళ నాన్న, మా ఆచారం ప్రకారం, తన తెల్లని ఉన్ని అంగీ చాటున నడిపించుకొచ్చి కారెక్కించాడు. తోడుగా ఆమె పక్కన నేను కూర్చున్నాను. ముందు సీట్లో పెళ్ళికొడుకు నాయనమ్మ, హజ్ యాత్ర చేసొచ్చిన హజ్జా ఫత్తూమా. కారు నడిపేది పెళ్ళికొడుకు బాబాయి లఖ్దర్. పెళ్ళికూతురి కారును ఇంకే కారూ దాటకూడదు గనుక మిగతా ఇరవై కార్లూ మా వెనకే ఉన్నాయి. బళ్ళు మాత్రం ముందు.

సముద్రం కనిపించేదాకా జుబీర్ మాట నిలబెట్టుకున్నాడు. అప్పుడు ఒక ఎర్ర బండి అతని పక్కకు వచ్చింది. దాని మీది కుర్రాడు చక్రం లేపి, దించి, జుబీర్‌తో ఏదో అని నవ్వాడు. జుబీర్ హెల్మెట్ తీసి మోచేతికి తగిలించుకున్నాడు.

అతని చక్రం జానెడు లేచింది. హజ్జా అద్దం దించి కేక వేసింది. వెనక కార్లు అందుకున్నాయి. రెండోసారి మూరెడు లేచింది. జుబీర్ వెనక్కి తిరిగి మా వైపు చూశాడు, రోడ్డు వైపు కాదు.

"చూడవే రీమా, సింహం పిల్ల!" అంది హజ్జా.

"హజ్జా, కేకలు ఆపండి," అన్నాను.

"ఏంటి వహీబా? పెళ్ళిలో నోరు కట్టుకోవాలా? మీ క్లాసులో పిల్లల్లా ఉన్నామా మేము?"

"మా నదీర్ లేపినప్పుడు నేను కేక వేశాను, హజ్జా. అందరికంటే గట్టిగా. వాడు నా గొంతు గుర్తుపట్టి వెనక్కి తిరిగాడు."

హజ్జా అద్దం ఎత్తేసింది. కానీ వెనక ఇరవై కార్ల ఆడవాళ్ళకు అది తెలియదు. ముందర, సముద్రపు గోడ పక్కన, మలుపు దగ్గరపడుతోంది.

"లఖ్దర్, కారు ఆపు," అన్నాను.

"పెళ్ళికూతురి కారు నడిదారిలో ఆపుతారా ఎవరైనా? అపశకునం! నన్ను మా వదిన బతకనిస్తుందా?"

"ఆపండి మామయ్యా," అంది రీమా. ఇంట్లోంచి బయల్దేరాక ఆమె మాట్లాడిన మొదటి మాట అది.

లఖ్దర్ ఆపాడు. దాటే వీలు లేక వెనక కార్లన్నీ ఆగిపోయాయి. హారన్లు కాసేపు మోగి ఊరుకున్నాయి. కేకలు సన్నబడి, ఆగాయి. జుబీర్ చక్రం అప్పుడు గాలిలోనే ఉంది. వెనక చప్పుడు లేకపోయేసరికి తల తిప్పాడు. చక్రం దభీమని దిగింది. బండి అటూ ఇటూ ఊగి గోడ దాకా పోయింది. కాలు నేలకు రాసుకుంటూ నిలిపాడు.

మా కారు దగ్గరికి తిరిగి వచ్చినప్పుడు అతని మొహంలో నెత్తుటి చుక్క లేదు. "ఏమైంది పిన్నీ? అందరూ చూస్తున్నారు!"

"చూడనీ. హెల్మెట్ పెట్టుకో." నేను కారు దిగి, పట్టు గౌను అంచు పోగుచేసుకుని అతని వెనక కూర్చున్నాను.

"అయ్యో, పిన్నీ! నవ్వుతారు."

"నవ్వనీ. పోనీ బండి."

నవ్వారు కూడా. "టీచరమ్మా, గట్టిగా పట్టుకో!" అని ఎవరో అరిచారు. కార్లు కదిలాయి. తర్వాత వరస మొత్తం నుంచి ఒక్కసారిగా పెళ్ళికేక లేచింది.

నా చేతుల కింద జుబీర్ భుజాలు కర్రల్లా బిగిశాయి. అతని కుడి మణికట్టు తిరిగింది. ఇంజను గొంతు పెరిగింది. నేను పట్టు బిగించలేదు, వదల్లేదు. కేక ఆగి, మళ్ళీ లేచింది. మణికట్టు అక్కడే ఉంది. తర్వాత కొంచెం కొంచెంగా మొదటి చోటికి వచ్చింది, ఇంజను గొంతు తగ్గింది.

మనిషి నడిచే వేగంతో మలుపు తిరిగాం.