ఊట దగ్గరి పిల్ల

బొగ్గు గని రాబోతోందని తెలిశాక గుజానా కొండవాళ్ళు ముందు పోట్లాడుకున్నారు, తర్వాత ఊరు ఖాళీ చెయ్యడానికి ఒప్పుకున్నారు, ఆపైన ఎవరి సమాధులు వాళ్ళు చూపించడం మొదలుపెట్టారు. తర్వాత కొత్త ఊరికి తరలించేందుకు వాటిని గుర్తించడానికి కంపెనీ లుంగిలే అనే అమ్మాయిని పంపింది. పశువుల దొడ్ల పక్కన రాళ్ళు పేర్చి ఉన్న చోటల్లా ఆ అమ్మాయి నీలం జెండా పాతుకుంటూ వచ్చింది. ముసలి మాదూబే ఇంటి దగ్గర ఆమె భర్త మఫికేని సమాధికీ, అత్తమామల సమాధులకీ జెండాలు పాతి, "ఇంకెవరైనా ఉన్నారా గోగో?" అని అడిగింది. అక్కడ అవ్వని గోగో అంటారు.

"ఇంకెవరుంటారమ్మా? అయిపోయారు," అంది మాదూబే.

అది అబద్ధం. కొండ వాలులో ఊట దగ్గర, రెల్లు మొలిచిన తడినేలలో ఆమె తొలిచూలు పిల్ల ఉంది. పుట్టి ఏడవని పిల్ల. అలాంటి పసికందుల్ని పొడినేలలో పెడితే తల్లి కడుపు ఎండిపోతుందని తడిలో పూడుస్తారు. రాయి పెట్టరు, పేరు పెట్టరు, మగవాళ్ళకి చెప్పరు. అత్తగారూ, పక్కింటి ముసలావిడా తీసుకెళ్ళి పని ముగించి వచ్చారు. మఫికేని అప్పుడు జోహన్నెస్‌బర్గ్‌లో బంగారు గనిలో ఉన్నాడు. సెలవుకొచ్చినప్పుడు భార్య కడుపు వంక చూసి, ఏమీ అడక్కుండా గడప మీద కూర్చుని పైపు వెలిగించుకున్నాడు. తడిలో పెట్టినా ఆ కడుపు మళ్ళీ పండలేదు. ముసలివాళ్ళు పోయారు. గని దుమ్ముతో ఊపిరాడక మఫికేనీ పోయాడు. అలాంటి పిల్ల ఒకతి ఉండేదని తెలిసిన మనిషి ఇక మాదూబే ఒక్కతే. నీళ్ళకి వెళ్ళినప్పుడల్లా బిందె దించి కాసేపు నిలబడేది. ఎవరైనా చూస్తే నడుము నొప్పి అనేది.

చలికాలంలో కొండ మీద బోరు యంత్రాలు దిగాయి. నేల లోపలి రాతిని గుండ్రటి కడ్డీల్లా బయటికి లాగి పొడవాటి పెట్టెల్లో పేర్చారు. నీళ్ళ సంగతి చూసే ఇంజనీరు అందర్నీ కూర్చోబెట్టి చెప్పాడు: వాన నీళ్ళు ఇసుకరాతిలో ఇంకుతాయి, బొగ్గు పొర కింద బంకరాయి అడ్డొచ్చి ఆగిపోతాయి, పక్కకి జారి వాలులో ఊటగా బయటికొస్తాయి.

"మరి బొగ్గు తీసేస్తే?" అంది మాదూబే.

"ఊట ఉండదు గోగో. మీకు కొత్త ఊళ్ళో కొళాయిలు పెడతారుగా."

"తడినేల?"

"ముందు ఎండిపోతుంది. తర్వాత దాన్నీ తవ్వేస్తారు."

మర్నాడు ఆమె లుంగిలేని వెతుక్కుంటూ వెళ్ళింది. "ఒకతి మిగిలిపోయింది," అని మాత్రం అంది. ఆ అమ్మాయి జెండా పట్టుకుని వెంట నడిచింది.

రెల్లు పక్కకి తప్పించి మెల్లగా తవ్వారు. నల్లటి బురద తప్ప ఏమీ దొరకలేదు.

"చిన్న ఎముకలు గోగో. ఈ నీళ్ళలో ఎప్పుడో కరిగిపోయుంటాయి," అంది లుంగిలే తల దించుకుని. "కానీ ఇది కూడా సమాధే. అలాగే రాస్తాను."

మాదూబే ఆ బురద ఒక డబ్బాలోకి ఎత్తుకుంది. ఇక చనిపోయినవాళ్ళ ఆత్మని ముళ్ళరేగు కొమ్మతో పిలిచి వెంట తీసుకెళ్ళాలి. అది ఇంటి మగవాడి పని. మరిది బెకిన్‌కోసి దగ్గరికి వెళితే అతను నోరెళ్ళబెట్టాడు.

"వదినా, నీకేమైనా మతి పోయిందా? పేరు కూడా లేనిదాన్ని ఏమని పిలవను? 'ఓ బురదా, రావే' అననా? నలుగురూ నవ్విపోతారు."

"నవ్వనీ. నువ్వు కొమ్మ కోసివ్వు. మిగతాది నేను చూసుకుంటా."

"ఆడది పిలవడం ఎక్కడైనా ఉందా?"

"ఆడదే కందిగా!"

అతను గొణుక్కుంటూ కొమ్మ కోసిచ్చాడు. కడుపుతో ఉన్నప్పుడు ఆమె మనసులో ఒక పేరు అనుకుంది: ఫునెకిలే, కావాలనుకున్న పిల్ల. ఊట దగ్గర నిలబడి, ఇన్నేళ్ళకి మొదటిసారి ఆ పేరు పైకి పలికింది. గొంతు తనది కానట్టు వినిపించింది.

కొమ్మ పట్టుకున్న మనిషి దారిలో ఎవరితోనూ మాట్లాడకూడదు, వెంట వచ్చే ఆత్మతో తప్ప. కొత్త ఊరికి వెళ్ళే టాక్సీ వ్యానులో ఆడవాళ్ళు పలకరించారు. "ఏం మాదూబే, మామీద అలకా?" అని ఒకావిడ దెప్పింది. ఆమె తల తిప్పలేదు. కొమ్మ వైపు వంగి, "వాగు దాటుతున్నాం ఫునెకిలే... ఇది తారురోడ్డు, ఇక కుదుపులుండవు," అని నెమ్మదిగా చెప్తూ పోయింది. అంతసేపు కూతురితో మాట్లాడటం ఆమెకి అదే మొదలు. ఊరు రాగానే మాటలు అయిపోతాయేమో అని భయమేసింది.

కొత్త ఊళ్ళో సిమెంటు ఇళ్ళు వరసగా ఉన్నాయి. పెరటి కొళాయి కారుతుంటే, ఆ తడిలోనే బురదనీ కొమ్మనీ పూడ్చింది.

వానలు పడే ముందు కబురొచ్చింది. కోట్ల ఏళ్ళ కిందటే కొండ లోపల కరిగిన రాయి పైకి తన్నుకొచ్చి బొగ్గునంతా కాల్చేసిందని బోరు రాళ్ళు పరీక్షిస్తే తేలిందట. తవ్వినా పనికిరాదట. కంపెనీవాళ్ళు యంత్రాలు ఎక్కించుకుని వెళ్ళిపోయారు. జనం తిట్టుకుంటూ, నవ్వుకుంటూ సామాన్లు కట్టారు. బెకిన్‌కోసి లారీతో వచ్చాడు.

"పద వదినా! ఊట ఎప్పట్లాగే పారుతోంది. నీ గుడిసె కూడా నిలబడే ఉంది."

ఆమె పెరట్లోకి చూసింది. "పిల్లని ఎన్ని ఊళ్ళు తిప్పను నాయనా? రమ్మని తెచ్చుకున్నా. మళ్ళీ లెమ్మనలేను."

"మా అన్న సమాధి ఇంకా కదల్చనేలేదు, ఆయన అక్కడే ఉన్నాడు కదా?"

"ఆయనకి మీరందరూ ఉన్నారు."

లారీ వెళ్ళిపోయింది. వీధిలో తలుపులు ఒక్కొక్కటే మూతబడ్డాయి. మాదూబే మొక్కజొన్న పిండి పొడిపొడిగా ఉడికించిన పుథులో పులిసిన పాలు కలుపుకుని పెరట్లో కూర్చుని తినేది. ఎవరెవరు వెళ్ళారో, ఎవరి మేక తప్పిపోయిందో చెప్పేది. కొన్నాళ్ళకి చెప్పడానికి ఏమీ మిగల్లేదు. అప్పుడు ఊరికే కూర్చునేది.

ఒకరోజు మున్సిపాలిటీ మనిషి రెంచి పట్టుకుని వచ్చాడు.

"గోగో, ఈ కొళాయి కారి కారి నేలంతా చిత్తడి చేసింది. బిగించేస్తాను."

"కారనీ బాబూ," అంది మాదూబే, కొళాయికి అడ్డంగా వచ్చి నిలబడి. "దాని జోలికి పోకు. కూర్చో, కాస్త టీ తాగి వెళ్దువుగాని."