మిడత పొడుగైంది

పొడుగైనందుకు మిడత దొంగలా తిరుగుతోంది.

ఆ పేరు హాస్టల్ పిల్లలు పెట్టింది. జిమ్నాస్టిక్స్ నేర్చుకోవడానికి ఆరో ఏట ఇక్కడికి వచ్చినప్పుడు మంచం మీంచి మంచం మీదికి గెంతుతూ తిరిగేదట. పోయిన ఒలింపిక్స్‌లో బార్ల మీద ఫైనల్ దాకా వెళ్ళి, పతకం అందినట్టే అంది జారిపోతే వట్టి చేతులతో తిరిగొచ్చింది. ఆ వెంటనే మోకాలికి దెబ్బ తగిలింది. నెలల తరబడి మంచాన పడి లేచేసరికి ఒళ్ళు ఆమె మాట వినకుండా సాగడం మొదలుపెట్టింది. మళ్ళీ ఒలింపిక్స్‌కి వెళ్ళాలంటే త్వరలో జరిగే ఎంపిక పోటీలో నెగ్గాలి. మోకాలు దెబ్బతిన్నాక గెంతుళ్ళు, దూకుళ్ళు ఎటూ పాతవాటిలా లేవు. ఇక ఉన్న ఆశంతా బార్లే.

బార్లు రెండుంటాయి, ఒకటి ఎత్తులో, ఒకటి కింద. పై బార్ పట్టుకుని గిర్రున తిరిగే పిల్ల కింది బార్ దగ్గరికి రాగానే నడుము దగ్గర కాస్త మడుచుకుని దాన్ని తప్పించుకోవాలి. పొట్టివాళ్ళకది చిటికెలో పని. మిడతకి కూడా అంతే, మొన్న మొన్నటిదాకా. ఒకరోజు కాలి వేళ్ళు ఆ బార్‌కి రాసుకున్నాయి. చుట్టూ చూసింది, ఎవరూ గమనించినట్టు లేదు.

కోచ్ సార్‌తో చెప్పుకోవాలనుకుంది. ఆయన చేతుల్లోనే పెరిగింది. అయినా ఇన్నేళ్ళలో వాళ్ళిద్దరి మధ్య మాటలు "మోచెయ్యి వంచకు", "ఇంకోసారి" దాటి వెళ్ళింది లేదు. చెబితే ఆయన చూసే చూపు తలుచుకుంటేనే నోరు పెగల్లేదు. ఇంకెవరితో చెప్పాలి? తనతోపాటు చేరినవాళ్ళంతా ఎప్పుడో మానేసి ఎవరి దారిన వాళ్ళు పోయారు. హాలు మూలనున్న పెద్ద బార్లు ఇప్పుడు ఆమె ఒక్కదానివే. భోజనాల గదిలో చిన్నపిల్లలు ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి నవ్వుకుంటుంటారు. ఆమె పళ్ళెం పట్టుకుని రాగానే సర్దుకుని, ఎవరో టీచరు వచ్చినట్టు బుద్ధిగా తినేస్తారు. బల్ల చివర తిని, తన గిన్నె తను కడుక్కుని వెళ్ళిపోతుంది.

మరునాడు అందరికంటే ముందే హాలుకి వెళ్ళింది. బార్ల మధ్య దూరం మార్చే పిన్ను లాగి, ఒక రంధ్రం అవతలికి జరిపి, మళ్ళీ బిగించింది. కాళ్ళకి ఏదీ తగల్లేదు. హమ్మయ్య అనుకుంది. కొన్నాళ్ళకి మళ్ళీ తగిలితే మళ్ళీ జరిపింది.

అప్పటినుంచీ ఇంకో పీడ పట్టుకుంది. పై బార్ వదిలి గాలిలో తిరిగి కింది బార్ పట్టుకోవడం ఆమెకు నడకంత అలవాటు. ఇప్పుడు చేతులు అందడం లేదు. వేళ్ళ కొసలు తగిలి జారిపోతున్నాయి. రోజూ పరుపు మీద బోర్లాపడుతోంది.

"అక్కా, నీ రెక్కలేమైనా అరిగిపోయాయా?" అంది పక్కన ఆగి చూస్తున్న ఒక బుడ్డది.

"నీ ముక్కు తుడుచుకో ముందు!"

పిల్ల కిసుక్కున నవ్వి పారిపోయింది. ఇంకాసేపు ఉంటే బాగుండుననిపించింది మిడతకి.

ఎంపికకి ఇక వారమే ఉందనగా, కాలి వేళ్ళు మళ్ళీ బార్‌కి తగిలాయి. తెల్లారగానే వెళ్ళి పిన్ను లాగింది. జరుపుదామంటే అవతల రంధ్రం లేదు. వంగి తడిమి చూసింది. లేదు. తను జరిపింది రెండే రెండుసార్లు. అంత త్వరగా చివరికెలా వచ్చింది?

"ఎవరక్కడ?"

గుమ్మంలో కోచ్ సార్.

"నేనే సార్."

ఆయన చూపు ఆమె చేతిలోని పిన్ను మీద పడింది. "నువ్వు కూడా జరుపుతున్నావా?"

"కూడా అంటే... మీరూనా సార్?"

"నీ కాలి వేళ్ళు తగిలిన చప్పుడు నాకు వినపడదనుకున్నావా? నీతో అంటే బెదిరిపోతావని, సాయంత్రం నువ్వెళ్ళాక జరిపేవాణ్ణి."

"మీకు తెలిస్తే మాన్పించేస్తారని నేను పొద్దున్నే..."

"ఓసి పిచ్చి మొహమా! అందుకా నీకు కింది బార్ అందనిది? నీ భుజం పోయిందని నేను బెంగపెట్టుకుని కూర్చున్నానే!"

"నేనైతే నాకు చూపు మందగించిందనుకున్నా సార్!"

ముందు ఆయనే పగలబడి నవ్వాడు. ఆమెకీ ఆగలేదు. ఖాళీ హాలంతా ఆ నవ్వు తిరిగొచ్చింది. నవ్వడం అయిపోయాక ఎటు చూడాలో ఇద్దరికీ తెలియలేదు.

"పోటీ నియమం ఒప్పుకునేది ఇంతవరకే," అన్నాడు ఆయన బార్ మీద చెయ్యేసి. "ఎక్కు. చూస్తాను."

అరచేతులకి తెల్లపొడి రాసుకుని ఎక్కింది. మొదటి చుట్టులో ముందే మడుచుకుంది. దాటింది గానీ ఊపు చచ్చిపోయింది. రెండో చుట్టులో భయం వదిలేసి ఒళ్ళంతా చాపి తిరిగింది. మడమలు కింది బార్‌కి కొట్టుకుని ఖంగుమంది. ఆయన ఒడుపుగా పట్టుకుని దింపాడు. దింపడానికి ఆయన ఒకడుగు వెనక్కి వెయ్యాల్సి వచ్చింది.

"ఇంకాస్త ముందు మడిస్తే..."

"ఊపు చచ్చాక ఇంకేం మిగులుతుంది సార్? చిన్నప్పటినుంచీ మీరు తిట్టింది దానికేగా."

"తిట్టాను," అన్నాడు మెల్లగా.

"ఎంపికకి నా పేరు పంపకండి."

ఆయన బెంచీ మీద కూలబడ్డాడు. "సరేనమ్మా" అన్నాడు. ఆయన నోట ఆ పిలుపు తను ఎప్పుడూ వినలేదు. అక్కడ ఉండలేక బయటికొచ్చేసింది.

మెట్ల మీద కూర్చుని ఇంటికి ఫోన్ చేసింది.

"ఏంటే ఈ వేళప్పుడు! పడ్డావా?" అంది అమ్మ కంగారుగా.

"పడలేదమ్మా."

"మరి?"

పోటీ వద్దనుకున్న సంగతి చెప్పబోయి ఆగి, "పొడుగయ్యానమ్మా," అంది.

"ఎంతే?"

"నిన్ను దాటేసుంటాను."

"అమ్మ దొంగా! పొట్టిదానివనే కదా అక్కడ తీసుకుంది! ఏవండోయ్, విన్నారా? మన పిల్ల నన్ను దాటేసిందట!"

"అదంతా నా పోలికే," అన్నాడు నాన్న దూరంనుంచి. "ఇంక ఫ్యాన్ తుడవడానికి స్టూలెక్కే పని లేదని చెప్పు!"

"చాల్లెండి మీ పోలిక! మా తమ్ముడి పోలిక!"

ఇద్దరూ వాదించుకుంటూ నవ్వుకుంటున్నారు. మిడత ఫోన్‌ని చెవికి ఇంకా గట్టిగా ఆనించుకుంది. వాళ్ళ సంబరం అయ్యాక చెబుదాంలే అనుకుంది. అది ఎంతకీ అయ్యేలా లేదు.