మంచు తీసిన స్థలం

గిన్నెలు కడిగే మెషిన్‌లో చెంచాలు ఎటు తిప్పి పెట్టాలనే దాని మీద ఆ ఆదివారం పొద్దున నేనూ మా ఆయనా పోట్లాడుకున్నాం. వెండెల్ కాడలు పైకి ఉండేలా పెడతాడు. నేను కిందికి ఉండేలా పెడతాను.

"అలా పెడితే ఒకదానికొకటి అతుక్కుపోయి ఎంగిలి అలాగే ఉంటుంది," అన్నాను.

"నువ్వు పెట్టినట్టు పెడితే తీసేటప్పుడు నోట్లో పెట్టుకునే చోటే వేళ్ళు పడతాయి."

"నా వేళ్ళకేం జబ్బు లేదులే."

"అయితే నువ్వే సర్దుకో. నన్నెందుకు పిలవడం?"

"సర్దుకుంటా. ఈ ఇంట్లో నీ అధికారం గరాజు దాకానే."

మా ఇంట్లో ఎప్పుడూ ఉండే పరిహాసమే అది. వేరే రోజైతే నవ్వేవాడు. ఆ రోజు చేతిలోని చెంచాలు సింక్‌లో పడేసి, కోటు కూడా వేసుకోకుండా పెరట్లోకి వెళ్ళిపోయాడు.

వెండెల్ కాలేజీ పోలీసు. టౌన్ పోలీసులకున్నట్టే అతనికీ తుపాకీ, బేడీలు, బ్యాడ్జి ఉన్నాయి. ప్రమాణం చేయించింది జిల్లా పోలీసు అధికారి లాంటి కౌంటీ షెరీఫే. కానీ జీతమిచ్చేది కాలేజీ. కాలేజీ స్థలంలోనూ, దాన్ని ఆనుకున్న వీధుల్లోనూ అతను పోలీసు. ఆ గీత దాటితే మామూలు మనిషి. టౌన్ వాళ్ళు వీళ్ళని 'హాస్టల్ వాచ్‌మన్లు' అంటారు. ఆ మాట వెండెల్‌ని ఎంత గుచ్చుతుందో నాకు తెలుసు.

ఆ చెంచాల గొడవకి మూడు రోజుల ముందు, గురువారం సాయంత్రం, చర్చిలో భోజనాలు. వంటగదిలో నేనూ హిల్డా బంగాళాదుంపలు తొక్క తీస్తున్నాం. ఓవెన్ వేడికి కిటికీ కాస్త తెరిచి పెట్టాం. బయట కార్లు పెట్టుకునే స్థలంలో క్లెమెంట్ రఫిన్ ఇంజన్ ఆపకుండా తన కారులో కూర్చుని ఉన్నాడు. ఆయన స్కూలు బస్సు నడుపుతాడు. డ్యూటీ దిగగానే వచ్చి బల్లలు వేసిపెట్టడం ఆయన అలవాటు. ఆ రోజు చర్చి హాలు తాళం ఇంకా తీయలేదు.

అంతకుముందే కాలేజీ హాస్టల్లో ఎవరిదో కంప్యూటర్ పోయిందట. చుట్టుపక్కల ఆగి ఉన్న కార్లు చూడమని వెండెల్‌కి చెప్పారట. వచ్చి అద్దం మీద తట్టాడు.

"మీ లైసెన్స్ చూపించండి."

"ఎందుకండీ? ఇది చర్చి స్థలం," అన్నాడు రఫిన్.

"ఇది కాలేజీ పార్కింగ్."

"కాదండీ. ఆ ఫైరింజన్ నీళ్ళ గొట్టం, ఆ హైడ్రెంట్ దగ్గరే మీ స్థలం అయిపోయింది. మా అక్క పెళ్ళి విందు ఇక్కడే డేరా వేసి పెట్టాం. కావాలంటే టౌన్ పోలీసుని పిలవండి, వాళ్ళకి చూపిస్తా."

వెండెల్‌కి ఆ చివరి మాటే తగిలిందనుకుంటాను. రఫిన్‌ని కారు దింపి, చేతులు వెనక్కి విరిచి బేడీలు వేశాడు. అప్పుడే లోపలికి వస్తున్న ముసలమ్మలు గిన్నెలు పట్టుకుని మంచులో అలాగే నిలబడిపోయారు.

"మార్లిస్, అది మీ ఆయన కదూ?" అంది హిల్డా.

"ఊఁ," అన్నాను. దుంప తొక్క తీస్తూనే ఉన్నాను.

ఆ స్థలం చర్చిదని నాకు తెలుసు. వేసవిలో చర్చి కోసం మేం పళ్ళ పైలు అమ్మేది అక్కడే. విద్యార్థులు అక్కడ కార్లు పెట్టుకోవడానికి చర్చి ఒప్పుకుంది. అందుకు బదులుగా చలికాలమంతా కాలేజీ బండి వచ్చి మంచు తీసిపెడుతుంది. అలా తీసీ తీసీ, ఆ స్థలం తమదేనని కాలేజీ పోలీసులు నిజంగానే నమ్మేశారు. తలుపు తీసి వెండెల్‌తో ఒక్క మాట చెబితే సరిపోయేది. అందరి ముందూ పెళ్ళాం వచ్చి తప్పు దిద్దితే అతనికి తలవంపులని ఆగిపోయాను.

విధులకు అడ్డు తగిలాడని రఫిన్ మీద కేసు పెట్టారు. అది తేలేదాకా బస్సు ఎక్కవద్దని స్కూలు వాళ్ళు ఆయన్ని ఇంట్లో కూర్చోబెట్టారు.

మర్నాడు వెండెల్‌ని కాలేజీ పోలీసు చీఫ్ గార్వీ పిలిపించాడు. అప్పటికి కాలేజీ మ్యాప్ తీసి చూశారు. హైడ్రెంట్ సంగతి రఫిన్ చెప్పిందే నిజం.

"మంచు మనమే తీస్తున్నాం, అక్కడి దీపాలకి కరెంటూ మనదే," అన్నాడట గార్వీ. "కాలేజీ అధీనంలో ఉన్న స్థలం అని రిపోర్టులో రాసెయ్. కోర్టులో అడిగినా అదే చెప్పు."

"స్థలం వాళ్ళదే కదా చీఫ్?"

"చూడు వెండెల్, టౌన్ వాళ్ళకి యూనియన్ ఉంది. మనకి లేదు. కాలేజీ పొమ్మంటే ఆ సాయంత్రమే బ్యాడ్జి పోతుంది. అవునూ, మీ అమ్మాయి ఎలా చదువుతోంది?"

మా థియా అదే కాలేజీలో రెండో ఏడాది. ఉద్యోగుల పిల్లలకి ఫీజు లేదు. ఆ వెసులుబాటు లేకపోతే మేం ఆ కాలేజీ గేటు దాకా కూడా వెళ్ళలేం.

చెంచాల గొడవైన ఆ ఆదివారం, ప్రార్థనకి వెండెల్ రానన్నాడు. ఒక్కదాన్నే వెళ్ళాను. రఫిన్ ఎప్పుడూ కూర్చునే వరసలోనే కూర్చున్నాడు. అయిపోయాక నేరుగా నా దగ్గరికే వచ్చి చెయ్యి కలిపాడు. మణికట్టు మీద చర్మం ఇంకా కమిలి ఉంది.

"గురువారం దుంపలు బాగా కుదిరాయటగా మార్లిస్," అన్నాడు. "నాకే తినే యోగం లేకపోయింది."

చుట్టూ ఉన్నవాళ్ళు ఎటో చూశారు.

మధ్యాహ్నం థియా బట్టలు ఉతుక్కోవడానికి ఇంటికి వచ్చింది. ముగ్గురం భోజనానికి కూర్చున్నాం. వెండెల్ మాంసం ముక్కలు కోసి అందరికీ వడ్డించి, తన ప్లేటులో ఏమీ వేసుకోలేదు.

"నాన్నా, ఆ బస్సు డ్రైవర్ మీద కేసు తీసేస్తారా?" అంది థియా. "హాస్టల్లో మా ఫ్లోర్‌లో అందరూ నన్నే అడుగుతున్నారు. మీ నాన్నేగా అని."

వెండెల్ కత్తి తుడిచి పక్కన పెట్టాడు.

"నేను చూశాను వెండెల్," అన్నాను. "కిటికీ దగ్గరే ఉన్నా. అది చర్చి స్థలమని నాకు తెలుసు."

"తెలిసీ బయటికి రాలేదా?"

"నీకు సిగ్గుగా ఉంటుందని."

"ఇప్పుడు లేదనుకుంటున్నావా?" అన్నాడు మెల్లగా. "నాకు కూడా అప్పుడే తెలిసిపోయింది మార్లిస్. హైడ్రెంట్ అనగానే అటు చూశా. అప్పటికింకా బేడీలు నా బెల్టుకే ఉన్నాయి."

థియా చేతిలోని ఫోర్కు ప్లేటు పక్కన పెట్టేసింది.

వెండెల్ ఆమె వైపు తిరిగాడు. "రేపు పొద్దున ప్రాసిక్యూటర్ దగ్గరికి వెళ్తున్నా. ఆ స్థలం చర్చిదని, అక్కడ ఆయన్ని ఆపే హక్కు నాకు లేదని, అది తెలిసే చేశానని రాసిస్తా. ఆ తర్వాత కాలేజీ వాళ్ళు ఏం చేస్తారో నీకు తెలుసు. వచ్చే టర్మ్ గురించి నీకు నేను మాటివ్వలేను అమ్మా."

థియా బల్ల మీది గుడ్డ ముడత సరిచేసింది. తర్వాత, "సరే," అంది.

"ప్రాసిక్యూటర్ దగ్గరికి నేనూ వస్తున్నా," అన్నాను. "నేను చూసింది కూడా రాసుకోమను."