ముప్పై రెండింటిలో లేనిది

మా ఆయన పద్మనాభం సన్యాసం పుచ్చుకుంటానని చెప్పిన వేళకి నేను ఒకమ్మాయికి కనుబొమ్మలు సరిచేస్తున్నాను. దారం పళ్ళ మధ్య ఉంది కాబట్టి వెంటనే తిట్టలేకపోయాను. ఆ సమయం చూసుకునే చెప్పాడని నాకు ఇప్పటికీ అనుమానం.

మడివాళలో మా ఇంటి ముందుగదే నా బ్యూటీ పార్లరు. చుట్టూ పీజీలు, వాటి నిండా ఉద్యోగాలు చేసుకునే ఆడపిల్లలు. పదేళ్ళుగా నా చేతిలో పడని కనుబొమ్మ ఆ వీధిలో లేదు. మా ఆయన ఫ్యాక్టరీలో ఫిట్టరు. రెండువేల ఒకటి జనవరిలో వి.ఆర్.ఎస్. ఇచ్చి ఇంటికి పంపించేశారు. నలభై తొమ్మిదేళ్ళ మగమనిషికి పొద్దున ఎనిమిదింటికి వెళ్ళడానికి చోటు లేకపోతే ఇంట్లో ఆడదాని గతేమిటో మీరే ఆలోచించండి. కొన్నాళ్ళు ఇంట్లో ఫ్యానులన్నీ విప్పి మళ్ళీ బిగించాడు. తర్వాత ఎవరో స్నేహితుడు బౌద్ధ విహారానికి తీసుకుపోయాడు. అక్కడ పది రోజుల శిబిరంలో కూర్చుని, వస్తూ వస్తూ ఒక పట్టిక తెచ్చాడు.

మనిషి ఒంట్లోని ముప్పై రెండు భాగాల పేర్లు, పాళీ భాషలో. వరసగా చెప్పుకుంటూ ఒక్కొక్కదాన్నే మనసులో చూసుకుంటే, ఈ ఒంట్లో మురిసిపోవాల్సింది ఏమీ లేదని తెలిసొస్తుందట. మంచి మాటే. కానీ మొదటి ఐదూ వినండి: కేసా, లోమా, నఖా, దంతా, తచో. తలవెంట్రుకలు, ఒంటి వెంట్రుకలు, గోళ్ళు, పళ్ళు, చర్మం. పళ్ళు తీసేస్తే మిగతా నాలుగూ నా పార్లరు బోర్డు మీద ఉన్నవే! కట్టుకున్న పెళ్ళాం దేన్ని అందంగా దిద్ది బతుకుతోందో సరిగ్గా దాన్నే, ఆ పార్లరు గుమ్మం పక్కనే కుర్చీ వేసుకుని, రోత రోత అని ధ్యానం చేసేవాడు. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరినట్టు, కుక్కరు మూత పెట్టడం చేతకాని మనిషికి నిర్వాణం కావలసి వచ్చింది.

నళిని అని కాల్ సెంటరులో పనిచేసే పిల్ల ఒకతి ఫేషియలుకి వచ్చేది. ఒకరోజు ముఖానికి ప్యాకు వేస్తుంటే అడిగింది.

“ఆంటీ, అంకుల్ డైలీ ఏదో చాంట్ చేస్తుంటారు కదా, అది స్కిన్‌కా, హెయిర్‌కా?”

నాలోని కొంటెతనం లేచి కూర్చుంది.

“రెండిటికీనమ్మా. చానా పాతకాలంది. ప్యాకు ఆరే దాకా లోపల్లోపల అనుకుంటా ఉంటే బాగా పట్టుకుంటాది” అన్నాను.

వారం తిరక్కుండా ఆ మాట పీజీలన్నీ చుట్టేసింది. కళ్ళ మీద కీరా ముక్కలు, ముఖాన ముల్తానీ మట్టి పెట్టుకున్న నలుగురు పిల్లలు వరసగా పడుకుని, కేసా లోమా అని గొణుగుతుంటే నేను దువ్వెనలు కడుక్కుంటూ నవ్వు ఆపుకోలేక చచ్చేదాన్ని. ఒకరోజు మా ఆయన బయట చదువుతూ పిహకం దగ్గర, అంటే ప్లీహం దగ్గర, ఆగిపోయాడు. తర్వాతిది గుర్తుకు రావడం లేదు. లోపల్నించి నళిని మట్టి పగలకుండా పెదాలు బిగించి అందించింది.

“పప్ఫాసం అంకుల్! లంగ్స్!”

ఆ మర్నాడే, నా నోట్లో దారం ఉండగా, ఆయన ఒక కాగితం తెచ్చి బల్ల మీద పెట్టాడు.

“నేను పోతా ఉండాను కాత్యాయనీ. చీవరం కట్టుకుని భిక్షువు అయిపోతాను. భార్య ఒప్పుకున్నట్టు సంతకం లేనిదే చేర్చుకోమన్నారు విహారంలో గురువు, భంతే. దీని మీద పెట్టియ్యి.”

నిజం చెబుతాను. ముందు నవ్వొచ్చింది, తర్వాత భయమేసింది. ఆయన లేని ఇల్లు నాకు వద్దు. ఆయన ఉండాలి. ఉండి, నన్ను చూసి మాట్లాడాలి. మార్చి నెల నుంచి, అంటే ఐదు నెలలుగా, ఆయన నా ముఖం చూసి ఒక్క మాట మాట్లాడింది లేదు. పక్కగోడతోనో, నా భుజం వెనక క్యాలెండరుతోనో మాట్లాడేవాడు.

దారం తీసి అన్నాను. “పెడతాలేప్పా. కానీ నువ్వు రోత అని వదిలిపోయేది ఏందో నాకూ తెలియాల కదా. ఆ ముప్పై రెండూ నేర్పు. ఆనక సంతకం.”

ఆయనకు నచ్చింది. శిష్యురాలు దొరికితే ఏ మగవాడికి నచ్చదు? నాలుగు సాయంత్రాలు పాత క్యాలెండరు వెనక రాసి మరీ నేర్పాడు. నేను వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూ నేర్చాను. లెక్క రెండోసారి పెట్టేటప్పుడు ఒకటి తట్టింది.

“ఉమ్ము ఉండాది, చీమిడి ఉండాది, నాలుక లేదేమయ్యా?”

“అందుకే అది నీకు అదుపులో లేదు” అన్నాడు గోడతో.

చాలా నెలల తర్వాత ఆయన ఆడిన మొదటి పరాచికం. నవ్వాను. నవ్వుతూనే మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టాను. ఈసారి నవ్వు ఆగిపోయింది.

“ఇందులో గర్భసంచి కూడా లేదే.”

ఆయన పట్టిక చూశాడు. “మగవాళ్ళు, భిక్షువులు, వాళ్ళ ఒళ్ళు చూసుకుని చెప్పుకున్నారేమో.”

“వాళ్ళంతా తొమ్మిది నెలలు కాపురముండి వచ్చిన చోటే కదా? గుర్తు రాలేదా?”

ఆయన మంచినీళ్ళకని లేచి వెళ్ళిపోయాడు. చెంబు ఆయన పక్కనే ఉంది.

గర్భసంచి నాకూ లేదు. మార్చిలో ఆపరేషన్ చేసి తీసేశారు. మాకు పిల్లలు పుట్టలేదు. అది ఉన్నన్నాళ్ళూ పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో ప్రతివాళ్ళూ దాని గురించే ఆరా తీశారు. పోయాక ఒక్కరూ ఎత్తలేదు. మా ఆయన చుట్టాలందరికీ “చిన్న ఆపరేషన్” అని ఫోన్లో చెప్పాడు. ఆస్పత్రి నుంచి తెచ్చి మంచం మీద దింపాడు, మందులు తెచ్చాడు, ఎలా ఉందని మాత్రం అడగలేదు. నాకు కోపం కంటే ఎక్కువగా దిగులేసింది.

ఆదివారం ఆ కాగితం సంచిలో పెట్టుకుని ఆయనతో పాటు విహారానికి వెళ్ళాను. భంతే హిందూపురం వైపు మనిషి, అరవై ఏళ్ళుంటాయి, మా భాషే మాట్లాడతాడు. ముప్పై నలభై మంది కూర్చుని ఉన్నారు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. డాక్టరమ్మ చించనే చించింది, ఇంక నాకేం భయమని అందరి ముందే అడిగాను.

“భంతే, సంతకం పెట్టేదానికే వచ్చినాను. ఒక్క అనుమానం ఉండాది. మీ ముప్పై రెండింటిలో గర్భసంచి ఏల లేదు?”

ఎవరో దగ్గారు. మా ఆయన స్తంభం వెనక్కి జరిగాడు. భంతే కళ్ళు మూసుకుని, వేళ్ళ కణుపులు ముట్టుకుంటూ, పట్టికంతా ఒకసారి మనసులో తిరిగి వచ్చాడు.

“లేదమ్మా. ఇరవై ఆరేళ్ళుగా చెప్తా ఉండాను, లేదని ఈ పొద్దే చూసినాను.”

“నాకూ లేదు భంతే. మార్చిలో తీసేసినారు. మీ పట్టికకు ఇప్పుడు నేను సరిగ్గా సరిపోతాను.”

వేళాకోళంగానే అందామనుకున్నాను. అలా రాలేదు.

భంతే మా ఆయన వైపు తిరిగాడు. “పద్మనాభం, చదివే ముందు ఏమంటాం? ఇమస్మిం కాయే, ఈ ఒంట్లో, అంటాం. ఎవరి ఒంట్లో?”

“నా ఒంట్లో భంతే.”

“మరి నువ్వు చెప్పిన ఆ పార్లరు ముందర కుర్చీ ఏసుకుని ఎవరెవరివి చూస్తివి? పోనీ, చూస్తివి. ఇంట్లో మనిషికి ఏం పోయిందో అది కనపడలేదా?”

మా ఆయన స్తంభం వెనక నుంచి వచ్చాడు. నా సంచిలోంచి కాగితం తీసుకుని, నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. చింపుతాడేమోనని చూశాను, చింపలేదు.

తిరుగు బస్సు కిక్కిరిసి ఉంది. ఆయన ఎప్పుడూ వెనక ద్వారంలో ఎక్కి మగవాళ్ళ వైపు నిలబడే మనిషి. ఆ రోజు నా వెనకే ముందు ద్వారంలో ఎక్కి ఆడవాళ్ళ మధ్య నా పక్కనే నిలబడ్డాడు. కండక్టరు ఊరుకుంటాడా? ఇది ఆడవాళ్ళ చోటు, వెనక్కి పొమ్మని కన్నడంలో అరిచాడు.

“ఏన్రీ, హిందె హోగి! లేడీస్ ఇరో జాగా ఇదు!”

మా ఆయన కదల్లేదు. ఫ్యాక్టరీలో మిషన్ల హోరు మధ్య మాట్లాడే అలవాటున్న గొంతు ఆయనది.

“నా భార్యకు ఆపరేషన్ అయ్యిందప్పా! గర్భసంచి తీసేసినారు! నేను ఈడనే నిలబడాల!”

డ్రైవరు కూడా వెనక్కి తిరిగి చూశాడు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు, అంత సంతోషమేసింది. పూలబుట్ట పట్టుకున్న ఒక ముసలామె గబుక్కున లేచి నన్ను తన సీట్లో కూర్చోబెట్టింది. మా ఆయన పైన కడ్డీ పట్టుకుని నా మీదికి వంగి, ఈసారి మెల్లగా, సూటిగా నా కళ్ళలోకి చూసి అడిగాడు.

“ఇంకా నొప్పి ఉండాదా?”

“వంగితే ఉండాది” అన్నాను. “రేపట్నుంచి ఇల్లు నువ్వు ఊడ్చు.”