బోర్డుకు అవతల చిన్నాయన

మా పెద్దమందడిలో చిన్నాయన కురుమూర్తిని అందరూ 'పత్తాల కురుమూర్తి' అంటారు. పత్తాలంటే పేకముక్కలు. ఆ ఆటలో బాయి కాడి చేను పోగొట్టుకున్నాడు. ఆ తర్వాత మళ్లీ ముక్క ముట్టలేదు గానీ పేరు మాత్రం పోలేదు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను. ఆ పేరు మాపడం నా బాధ్యత అనుకున్నాను. కొత్తకోటలో క్యారమ్స్ డబుల్స్ పోటీ అంటే ఆయన్ను జోడీగా తీసుకుపోయాను. కప్పు గెలిస్తే ఊరు ఆయన్ను ఇంకో రకంగా పిలుస్తుందని నా ఆశ.

చిన్నమ్మ భాగ్యమ్మ ఊరికే ఒప్పుకోలేదు.

"పందెం ఉంటదా?"

"లేదు చిన్నమ్మా. కప్పు ఒక్కటే ఇస్తరు."

"అయినా నేను గూడ వస్త. ఈయన కూసున్న కాడ నేను లేకుంటే ఏమైతదో నాకెర్క."

ఫైనల్ దాకా వచ్చాం. అవతల లారీ మెకానిక్ మహేందర్, అతని తమ్ముడు. డబుల్స్‌లో జోడీలు ఎదురెదురుగా కూర్చోవాలి, ఒకరికొకరు సలహా చెప్పుకోకూడదు. అందుకని ఆట పొడుగునా నాకు కనిపించింది చిన్నాయన మొహమే.

"ఏం పత్తాలన్నా, ఇండ్ల జోకర్ ఉండదు మల్ల!" అన్నాడు మహేందర్.

"నువ్వున్నవ్ గదనే," అన్నాడు చిన్నాయన. హాలంతా నవ్వింది.

ఆఖరి బోర్డుకు ముందు చాయ్ ఇచ్చారు. నా గ్లాసు వణుకుతోంది.

"చిన్నాయనా, నీకు భయం గాదా?"

"ఎందుకు గాదు? పత్తాలల్ల మొకం సూసి ముక్కలు కనిపెడ్తరు బిడ్డా. వాళ్లకు కనపడనియ్యొద్దని భయాన్ని లోపలికి తోసి తోసి, ఇప్పుడు అదేడున్నదో నాకే దొరుకుత లేదు."

ఇది మంచి విషయమే అనిపించింది. మనోనిబ్బరం అంటే ఇదే కదా.

రెండు జోడీల పాయింట్లూ సమానం. రెడ్డు మాకే పడింది. వాళ్లకు ఒక్క కాయిన్ మిగిలింది, మాకూ ఒక్కటే. అప్పుడు చిన్నాయన కొట్టిన స్ట్రైకర్ నేరుగా గుంతలో పడింది. ఫౌల్. మా కాయిన్ ఒకటి తీసి మళ్లీ బోర్డు మీద పెట్టారు. నేను 'అయ్యో' అనేశాను. ఆయన మాత్రం తాను ఎక్కని బస్సు పోతుంటే చూసినట్టు చూసి, వేళ్లకు పౌడర్ రాసుకున్నాడు.

మహేందర్ ఆయన్నే చూశాడు. "ఏంది, ఏమన్న ప్లాన్ ఉన్నదా?" అని గొణిగాడు. ఒక గుంతకు గురిపెట్టి, మళ్లీ ఇంకో గుంతకు మార్చి, గురి తప్పాడు.

నా వంతు. చిన్నాయన మొహం చూశాను. నా చేతి వణుకు ఆగింది. ఓడితే ఏమవుతుందో అనుకుందామన్నా ఏమీ తోచలేదు. ఒకటి పడింది. రెండోదీ పడింది.

"గెలుస్తడు గద మల్ల!" అని మహేందర్ లేచి చిన్నాయన భుజం తట్టాడు. "చేనే పెట్టి ఆడినోనికి ఈ కాయిన్ ఒక లెక్కనా!"

కప్పు ఇస్తూ మైకులో కూడా 'పత్తాల కురుమూర్తి' అనే పిలిచారు. చప్పట్లు గట్టిగానే పడ్డాయి. నేను మాపుదామని వచ్చిన పేరు అది. మెచ్చుకున్నారా, ఎగతాళి చేశారా, నాకు అర్థం కాలేదు. చిన్నాయన కప్పును కూడా అదే మొహంతో అందుకున్నాడు.

బస్టాపులో చిన్నాయన రోడ్డు అంచున బస్సు కోసం చూస్తున్నాడు. చిన్నమ్మ కప్పు ఒళ్లో పెట్టుకుని, దానివైపు చూడకుండా కూర్చుంది.

"గెలిచినం గద చిన్నమ్మా, గట్లున్నవేంది?"

"చేను పోయిన నాడు గిదే మొకంతోని ఇంటికొచ్చి బువ్వ పెట్టుమన్నడు. నేను పెట్టిన గూడ. జర భయమన్న అయితే నడుమల లేచొస్తుండె గద బిడ్డా. చేనన్న మిగులుతుండె."

 ఆమె కప్పును పక్కన పెట్టి అంది:

"ఆఖరుకు నువ్వు కొట్టేటప్పుడు నీ మొకం గూడ గట్లనే ఉండె."

మహేందర్ బండి మా ముందర ఆపాడు. "గద్వాలల ఇంకో పోటీ ఉన్నది. వస్తరా?"

చిన్నాయన నా వైపు చూశాడు. చిన్నమ్మ కూడా చూసింది. నా వేళ్లకు ఇంకా పౌడర్ ఉంది. ప్యాంటుకు తుడుచుకుంటూ నిలబడ్డాను. చెయ్యి వణికితే బాగుండు అనిపించింది. అది వణకలేదు.