నైరుతి మూల గది

నల్లరేగడి చేలో ఆ ఎర్రమచ్చ దూరానికి కూడా అగుపడేది. ఒకప్పుడు అది మోటబావి. పెద్దకొడుకు హులిగప్ప లారీ కింద పడి చనిపోయిన ఏడు, నైరుతిలో బావి ఉంటే ఇంటి మగోళ్లను మింగుతాదని వాస్తు అయ్య చెప్పినాడు. తల్లి ఉచ్చంగెమ్మే పట్టుబట్టి పూడిపించింది. గనుల కాడినుంచి టిప్పర్లు ఎర్రమట్టి తెచ్చి పోసినాయి. వాన పడినప్పుడల్లా మచ్చ జానెడు దిగేది. చిన్నకొడుకు హంపేశ్ ఇంకో టిప్పరు పోయించేవాడు.

ఇప్పుడు ఆ చేను హైస్కూలుకు ఇస్తాండారు. పిల్లోల్లు రెండింతలైనారు. తొమ్మిదో క్లాసు రేకుల షెడ్డులో ఉడుకుతాండాది. పక్కా గదులు, ఆటల గ్రౌండు వస్తాయంటే ఊరంతా సంబరం.

ఇంజినీరు ఉచ్చంగెమ్మ ఇంట్లో ప్లాను మంచం మీద పరిచినాడు. హెడ్మాస్టరు సుబ్బరామి సారు కళ్లద్దాలు తుడుచుకున్నాడు.

"గదులు యాడ పెడతాండారప్పా?" ఉచ్చంగెమ్మ అడిగింది.

"నైరుతిలో. బరువు ఆడే ఉండల్ల," అన్నాడు హంపేశ్. "ఈశాన్యంలో గ్రౌండు."

"ఆడ బావి కదరా!"

"బావి యాడిదమ్మా? నువ్వే గదా పూడిపిస్తివి. ఇంకా కలలో నీళ్లు తోడతాండావా?"

ఇంజినీరు నవ్వినాడు. "మట్టి పరీక్ష అయింది అవ్వా. గట్టి గరుసు నేల తగిలింది."

"యాడ తవ్వినారు?"

"చేను నడిమధ్యలో."

ముసలామె మచ్చ వైపు చెయ్యి చాపింది. "పిల్లోల్లను దాని మీద ఆడుకోనీండి. గ్రౌండు దిగితే మట్టి పోసుకుంటారు. గది దిగితే ఏం పోస్తారు?"

"అమ్మ చెప్పేదీ నిజమే," అన్నాడు సుబ్బరామి సారు. "ప్లాను తిప్పితే సరి. ఇవ్వాల్సింది మీ కుటుంబం. మీరెట్లంటే అట్ల."

హంపేశ్ తల్లి దగ్గరికి వంగి గొంతు తగ్గించినాడు. "ఇల్లూ చేనూ ఒకే స్థలంలో కలిసి ఉండాయి. నైరుతి బోసిగా పెట్టి ఈశాన్యంలో బరువెత్తితే ఎవరికి చేటో అయ్య చెప్పినాడు. అన్న పోయినాడు. ఇంక ఉండేది నేనొక్కడినే. నీ ఇష్టం."

గోడ మీద హులిగప్ప ఫోటోకు దండ ఎండిపోయి వేలాడతాండాది. ఉచ్చంగెమ్మ దాన్ని చానాసేపు చూసింది. వేలిముద్ర వేసింది.

భూమిపూజనాడు కొట్టిన టెంకాయ నీళ్లు ఎర్రమట్టిలో చుక్క మిగలకుండా ఇంకిపోయినాయి. ఆమె ఒక్కతే చూసింది. ఎండాకాలం పోయేసరికి గదులు లేచినాయి. మచ్చ మీద తొమ్మిదో క్లాసు. వాకిలి మీద హులిగప్ప పేరు.

హగరి ఏటి మీదినుంచి వానలు దిగినాయి. ఒక పొద్దున హంపేశ్ కూతురు యశస్విని బడికి పోతా పోతా నవ్వింది.

"అవ్వా, మా క్లాసులో పెన్ను యాడ పడినా నా బెంచీ కిందికే దొర్లుకుంటా వస్తాది. అందరూ నన్ను మాయలమారి అంటాండారు."

ఉచ్చంగెమ్మ చేతిలో చాట కింద పెట్టింది. కొంగు నెత్తిన వేసుకుని మనవరాలి వెనకాలే వానలో నడిచింది.

క్లాసులో నేల బండల మధ్య సన్నని పగులు. వంకర తిరిగి గోడ కిందికి పోయింది. చేద వేసి వేసి ఆమెకు ఆ వంపు తెలుసు. అది బావి ఒర అంచు. పగులు మీద ఎవరో సిమెంటు పూసినారు. అదీ పగిలింది.

అక్కడినుంచే టీచరుతో కొడుక్కు ఫోను చేయించింది.

"ఏం కాదులేమ్మా," అన్నాడు హంపేశ్. "ఇంకో టిప్పరు మట్టి పంపిస్తా."

ఆమె ఫోను తిరిగిచ్చి పిల్లోల్ల వైపు చూసింది. పలకా పుస్తకం ఎరగని ఆ నోటినుంచి గట్టిగా వచ్చింది.

"ఈ పొద్దు పాఠం లేదు! అందరూ ఆటలకు పోండి!"

"వాన పడతాండాదవ్వా!" అన్నారెవరో.

"తడవండి! పోండి!"

గది ఒక్కసారిగా కేకలేసింది. పిల్లోల్లు తోసుకుంటా గ్రౌండులోకి ఉరికినారు. టీచరు వద్దంటా వాళ్ల వెనకాలే పోయింది. గది ఖాళీ అయింది. ఉచ్చంగెమ్మకు వానలో నడిచొచ్చిన అలుపు అప్పుడు తెలిసింది. మనవరాలి చోట్లో కూలబడింది.

"అవ్వా, నువ్వు రావా?" బయటినుంచి యశస్విని అరిచింది.

"వస్తాండానే."

బండల కింద, చానా లోతున, మట్టి రాలిన చప్పుడైంది. ఆమె లేయడానికి ఎదురుగా ఉండే బెంచీ పట్టుకుంది. బెంచీ మెల్లగా ఆమె వైపు జరిగింది.